ఎవరూ కొట్టని డ్రమ్ము

బ్యాండు సాధన గది. మధ్యాహ్నం. డ్రమ్ముల వెనక స్టూలు మీద భర్త, నేల మీద వైర్ల మధ్య భార్య. వెనక గోడకి అవతల పాత సామాన్ల గది.

"...మోకాళ్ళ దాకానే వచ్చాయండీ కర్టెన్లు! కిటికీ కొలిచి తలుపుకి కొన్నాను. పక్కింటావిడ చూసి, ఏమ్మా, మీ తలుపు గౌను తొడుక్కుందా అంది."

"ఊఁ."

"ఊఁ ఏంటి? అక్కడ నవ్వాలి. కొత్త పెళ్ళాం జోకేస్తే నవ్వకపోవడం నేరం. సరే, స్నేర్ డ్రమ్ము ఒకసారి కొట్టండి... బావుంది. చిన్న టామ్... అదీ బావుంది. ఇప్పుడు కుడివైపు పెద్ద టామ్."

"కొట్టాను."

"ఎప్పుడు?"

"ఇప్పుడే."

"తాకారు. కొట్టలేదు. ఇదిగో, ఈ సౌండు పెట్టె తెర మీద గీత లేవనే లేదు. మొన్నటిదాకా మీరు కొడితే ఈ గీత నెత్తికెక్కి కూర్చునేది."

"అందుకేగా నిన్ను పిలిచింది. సర్దు. ఎంత మెల్లగా తాకినా పూర్తి దెబ్బ వినపడాలి."

"ఎంత మెల్లగా అంటే?"

"ఈగ వాలినంత."

"ఈగ వాలితే ఉరుము ఉరమాలా? ఏం శ్రీవారూ, ఇవాళ చేతులకి సెలవిచ్చారా?"

"సాయంత్రం ఇక్కడే, జనం ముందు ప్రోగ్రాం ఉంది. చెప్పింది చెయ్యి."

"చేస్తున్నా బాబూ, చేస్తున్నా. ఈ ట్రిగ్గర్‌ని చూస్తే ముద్దొస్తుంది నాకు. చూడండి, ఇంతే బిళ్ళ. డ్రమ్ము అంచు పట్టుకుని వేలాడుతూ, తోలు మీద ఒక్క వేలు ఆనించి కూర్చుంటుంది. జ్వరమొచ్చిన పిల్ల నుదురు తడిమినట్టు. తోలు వణికిందా, వెంటనే వెళ్ళి పెట్టెకి చెప్పేస్తుంది. పెట్టె స్పీకర్లో మోగిస్తుంది. వట్టి చాడీల బిళ్ళ."

"మాటలాపి పని చెయ్యమ్మా."

"మనం కలిసిన కొత్తల్లో ఎవరో అన్నారు, మీ మాటలు వింటూ ఎంతసేపైనా కూర్చోవచ్చండీ అని. ఆయనెక్కడున్నాడో ఏమో, పాపం. సరే, పెంచాను. తాకండి."

"ఇదిగో."

"అబ్బ! గుండె అదిరింది. చూశారా? ఈగ వాలింది, ఉరుము ఉరిమింది. ఎవరి భార్య అనుకున్నారు?"

"ఇంకొంచెం పెంచు."

"ఇంకానా? సరే... అరె. మళ్ళీ కొట్టారా?"

"లేదు."

"పెద్ద టామ్ మోగిందిగా."

"నేను ముట్టుకోలేదు."

"ఇదిగో, మళ్ళీ! మీ చేతులు రెండూ ఒళ్ళోనే ఉన్నాయి. పెడల్ మీంచి కాలు తీయండి. ఒక్కోసారి కాలి కింది కిక్ డ్రమ్ము కొడితే పక్కనున్న డ్రమ్ము ఉలిక్కిపడుతుంది. ఒకణ్ణి గిల్లితే పక్కవాడు ఏడ్చినట్టు."

"తీశాను కాలు."

"తీసినా మోగుతోంది."

"అయితే తగ్గించెయ్."

"తగ్గిస్తే మీ ఈగ వినపడదు. ఈగా వినపడాలి, ఇదీ ఆగాలంటే ఎలాగండీ? ఉండండి, ఆలోచించనివ్వండి. మిగతా డ్రమ్ములన్నీ స్టాండుకి వేలాడుతున్నాయి. ఇదొక్కటే సొంత కాళ్ళ మీద నేల మీద నిలబడింది. అంటే నేల కదులుతోంది. నేలలో కదలిక కాళ్ళమ్మట పైకెక్కుతోంది. మన చెవికి వినపడదు, బిళ్ళకి తెలుస్తోంది. ఈ గోడ వెనక ఏముంది, సామాన్ల గదేగా?"

"నీళ్ళ మోటారు."

"సామాన్ల గదిలో మోటారా?"

"ఈమధ్యే పెట్టారు."

"మోటారైతే ఒకే తీరుగా కొట్టుకుంటుంది. ఇది చూడండి. ఒకటి పెద్దది, రెండు చిన్నవి, కాసేపు ఏమీ లేదు, మళ్ళీ పెద్దది. అలిసిపోయి ఆగినట్టు. మోటార్లు అలిసిపోవండీ."

"అయితే పిల్లేమో. ఎలకని తరుముతోందేమో."

"ముందు మోటారు, ఇప్పుడు పిల్లి. కాసేపాగితే ఏనుగంటారా?"

"నువ్వు ఇంజనీరువా, పోలీసువా?"

"రెండూను. పైగా కొత్త పెళ్ళాన్ని. మూడు ఉద్యోగాలు, ఒక్క జీతమూ లేదు. ఇంతకీ మాస్టారేరీ? మిగతావాళ్ళు సాయంత్రం వస్తారు, సరే. బ్యాండు పెట్టిన మనిషి, పొద్దున్నే వచ్చి తాళాలు తీసేది ఆయనే కదా."

"వెళ్ళిపోయాడు."

"వెళ్ళిపోయాడా? ఎప్పుడూ మాస్టారుగారు, మాస్టారుగారు అని పాకం పట్టేవారు, ఇవాళ వెళ్ళిపోయాడు అంటున్నారు!"

"నోరు జారింది."

"మొహం అలా పెట్టకండి. పొద్దున్న ఏమీ తినకుండా వచ్చేశారు, అందుకే ఈ చిరాకు. ఉండండి, కిందకెళ్ళి టీ తెస్తాను."

"వద్దు."

"రెండు నిమిషాలు."

"వద్దన్నానా."

"చూడండి, చూడండి! టీకి వెళ్తాననగానే టామ్ ఆగిపోయింది. దానికీ ఒక కప్పు చెప్పాలేమో."

"ఎక్కడికీ వెళ్ళొద్దు. కూర్చో. ఇక్కడ, నా పక్కన."

"సరే సరే, కూర్చున్నా. అడిగితే కాదంటానా... అమ్మో! మళ్ళీ మొదలెట్టింది. ఈసారి ఎంత గట్టిగానో. గీత చూడండి, ఎలా ఎగురుతోందో."

"ఏదో ఒకటి చేసి దాన్ని ఆపు."

"డ్రమ్ము కాళ్ళ కింద మెత్తగా ఏదైనా పెడితే నేల వణుకు ఎక్కదు. స్పాంజి తేవడం మర్చిపోయాను. మీ బూట్లివ్వండి. వాటి అడుగు రబ్బరేగా."

"బూట్లెందుకు? ఇంకేదైనా చూడు."

"ఇవ్వండీ బాబూ, తినేయనులే. కాలు పైకెత్తండి. ఆఁ, వచ్చింది... ఏమండీ."

"ఏంటి?"

"ఇది తడిగా ఉంది."

"నీళ్ళు."

"ఎర్రగా ఉంది."

"పెయింటు. మెట్ల దగ్గర ఎవరో డబ్బా ఒలకపోశారు."

"పెయింటులో వెంట్రుకలుంటాయా? తెల్ల వెంట్రుకలు."

"అక్కడ పెట్టు దాన్ని."

"కుడి చెయ్యి చూపించండి."

"పని చూడు."

"చెయ్యి చూపించండి. ఇందాకట్నుంచీ తువ్వాలు ఎందుకు చుట్టుకున్నారు? చెమటకనుకున్నాను. విప్పండి. నేను విప్పుతాను, కదలకండి... అయ్యో, ఇదేంటండీ! ఇంత వాచిపోయి... ఈ వేలు ఇటెందుకు తిరిగింది?"

"తలుపులో పడింది."

"తలుపులో పడితే గోళ్ళు నలుగుతాయి. మీకు కణుపులు పగిలాయి. ఇది పిడికిలి బిగించిన చెయ్యి."

"నీకు తెలీదు."

"నాకు మీ చెయ్యి తెలీదా? ఏ వేలికి ఎక్కడ కాయ కాసిందో చీకట్లో చెప్తాను. ఎవరిని కొట్టారు?"

"అరవకు."

"లోపలున్నది మాస్టారు. కదా?"

"నీ పని నువ్వు చెయ్యి."

"కదా! చెప్పండి!"

"అవును. మాస్టారే. సరేనా? ఇప్పుడు సంతోషమా?"

"ఆయన వయసెంత, మీ బలమెంత! అసలెందుకు?"

"నిన్నో మాటన్నాడు."

"ఏమన్నారు?"

"చెప్పకూడని మాట."

"మాస్టారా? నన్నా? నా పెళ్ళిలో మా నాన్న కంటే ఎక్కువ ఏడ్చింది ఆయన. ఫోటోల్లో సగం వాటిలో ఆయన ముక్కు తుడుచుకుంటూనే ఉన్నారు. ఆయన నన్ను అనరాని మాట అన్నారా? నా మొహం చూసి చెప్పండి. అదిగో, చూడలేరు."

"తిట్టలేదు. పొగిడాడు."

"పొగిడితే కొడతారా ఎవరైనా?"

"నీ భార్య బంగారం రా అన్నాడు. వెయ్యి జన్మలెత్తినా అలాంటిది దొరకదన్నాడు. ఎందుకన్నాడో నువ్వే చెప్పు."

"నాకేం తెలుసు?"

"మెమరీ కార్డు. ఇప్పటిదాకా గలగలా పారిందిగా నోరు."

"అయ్యో, మాస్టారు చెప్పేశారా? అది... అది మీకు సర్‌ప్రైజ్ అండీ. ఈ సాయంత్రం నేనే చెబుదామనుకున్నాను."

"చెప్పు. ఇప్పుడు చెప్పు. వింటాను."

"మీరిక్కడ సాధన చేస్తుంటే మూలన మైకు పెట్టి అంతా పట్టాను. మెల్లగా కొట్టింది, గట్టిగా కొట్టింది, కోపంతో కొట్టింది, నిద్రమత్తులో కొట్టింది. ఒక్కో దెబ్బనీ విడదీసి, శుభ్రం చేసి, మీ ఊపు చెడకుండా మళ్ళీ పేర్చి... మీరు నిద్రపోయాక వంటింట్లో కూర్చుని చేసేదాన్ని, చెవుల్లో మీరు మోగుతుంటే. ఎంత బావుండేదో. అందరూ కొట్టేది అదే డ్రమ్ము కానీ, మీ చేతి మోత మీదే. ఇంకెవరికీ రాదు. ఆ మోత ఎక్కడికీ పోకూడదనిపించింది. పాటల రికార్డింగులో మీ శబ్దమే రావాలని ఆ కార్డులో వేసి మాస్టారికిచ్చాను."

"వచ్చింది. పొద్దున్న వినిపించాడు. ఈ స్పీకర్లోనే."

"బావుందా?"

"ఇంకా అడుగుతున్నావా?"

"నేను..."

"గుమ్మంలో నిలబడ్డాను. లోపల నేను వాయిస్తున్నాను. నా విరుపు, నా ఊపు, చివర్లో నేను కొంచెం ఆలస్యంగా దిగుతానే, ఆ దిగడం కూడా. స్టూలు చూస్తే ఖాళీగా ఉంది."

"ఏమండీ..."

"ఇక నువ్వు రానక్కర్లేదురా అన్నాడు. ఈ సాయంత్రం నుంచే. నీకు జ్వరమొచ్చినా, కోపమొచ్చినా, నువ్వు తాగి పడిపోయినా నీ చెయ్యి మాత్రం టైముకి వచ్చేస్తుంది అన్నాడు. నవ్వుతూ. నా భుజం తట్టి."

"ఆయన అలా చేస్తారని నేను కలలో కూడా అనుకోలేదండీ. ఒట్టు."

"నా రెండు చేతులూ నరికి డబ్బాలో పెట్టి వాడికిచ్చావు."

"అలా అనకండి."

"పైన రిబ్బను కట్టి మరీ ఇచ్చావు."

"మీ మీద ప్రేమతో చేశానండీ! మీకు తెలీదా? నేను చేసింది తప్పే, బుద్ధి తక్కువ పనే. తర్వాత నన్నెన్నైనా అనండి. ముందు ఆయన్ని ఏం చేశారో చెప్పండి."

"సింబల్ పళ్ళెం ఉంచే ఇనప స్టాండుతో కొట్టాను."

"ఎక్కడ?"

"చెవి దగ్గర. పడ్డాడు. లేవబోతుంటే మొహం మీద గుద్దాను. వాడి పళ్ళకి తగిలే ఈ వేలు పోయింది. మళ్ళీ పడ్డాడు. అప్పుడు తన్నాను."

"చాలు."

"ఆగుదామనే అనుకున్నాను. కానీ స్పీకర్లో నేనింకా వాయిస్తూనే ఉన్నాను. ఆపేవాడు లేడు. దాని లెక్కకే తన్నాను. అది ఎంత వేగం పెంచితే అంత. ఒక్క దెబ్బ తప్పలేదు తెలుసా? వాడెప్పుడూ అంటాడుగా, నీ కాలు చాలా నిక్కచ్చి రా అని."

"చాలండీ, ఇక చెప్పొద్దు! ఆయన బతికే ఉన్నారు. వినండి. కొడుతున్నారు."

"వైర్లతో కట్టేశాను. నోటికి టేపు వేశాను. ఒక్క మడమ ఆడుతుంది వాడికి. అది కూడా కట్టాల్సింది."

"తాళం చెవి ఇవ్వండి."

"ప్రోగ్రాం అయ్యాక."

"అప్పటిదాకా ఉంటారా ఆయన?"

"ఉండనీ, పోనీ. ఇవాళ అందరి ముందూ నేను వాయించాలి. నేను. కార్డు కాదు. ఒక్కసారి అయిపోతే, ఆ తర్వాత ఎవరొచ్చి పట్టుకెళ్ళినా సరే."

"ఈ చేత్తోనా?"

"అందుకేగా నిన్ను పిలిచింది. వాడు కూయకుండా చెయ్యి. నా చెయ్యి పలికేటట్టు చెయ్యి. అంతే."

"అది కుదరదండీ."

"నీకు కుదరనిదేముంది? నీ చదువేం చదువు, నీ తెలివేం తెలివి!"

"ఈ గీత చూడండి. ఇది మీ చెయ్యి తాకితే లేచేది. ఇది ఆయన మడమ. రెండూ ఒకే ఎత్తు. ఈ పెట్టెకి మీరిద్దరూ ఒకటే ఇప్పుడు. ఆయన వినపడకుండా తగ్గించానంటే మీరూ వినపడరు. మీరు వినపడాలంటే ఆయనా వినపడతారు, నిండు సభలో, మీ పాట మధ్యలో. ఎవరు కావాలో చెప్పండి."

"డ్రమ్ము కాళ్ళ కింద బూట్లు పెట్టు."

"పెట్టను."

"పెట్టు."

"ఆ బూటు నేను ముట్టుకోను. చూడండి, ఇందాక ఇంత ఎత్తు లేచింది, ఇప్పుడు సగమే. బలం అయిపోతోంది ఆయనకి. తాళం చెవి ఇవ్వండి. జేబులోనే ఉంది కదా, ఇలా ఇవ్వండి... చెయ్యి వదలండి."

"వాడి పక్షమా నువ్వు?"

"వదలండి, నొప్పిగా ఉంది."

"నాకు నొప్పి లేదనుకున్నావా?"

"ఏమండీ... గొంతు... గొంతు మీంచి చెయ్యి..."

"నా శబ్దం నువ్వెవరు ఇవ్వడానికి? నన్నడిగావా? ఒక్క మాట అడిగావా?"

"ఊపిరి... అ..."

"అడిగావా!"

"..."

"ఆపు! ఆ మోత ఆపు! ఎందుకలా బాదుతున్నాడు వాడు? స్పీకరు పగిలిపోయేటట్టు... ఏయ్. ఏయ్, పిల్లా. కళ్ళు తెరువు. నేనేం చెయ్యలేదు. చూడు, వదిలేశాను. చూడు ఇటు."

"..."

"మాట్లాడు. ఏదో ఒకటి మాట్లాడు. కర్టెన్ల సంగతి చెప్పు."

"దగ్గు... ఆగనివ్వండి."

"నీళ్ళు తాగు. మెల్లగా. ఇదేమిటి నా చెయ్యి, ఇలా చేసింది? ఇది నా చెయ్యి కాదు. నాకేదో అయింది."

"కళ్ళు తుడుచుకోండి."

"నన్ను వదిలేసి పోతావా?"

"ఎక్కడికి పోతాను? నాకెవరున్నారు మీరు కాక? మీకు ఒళ్ళు తెలీని కోపం వచ్చింది, అంతే. రావాల్సిన కోపమే. ఇంకా ఏమీ మించిపోలేదు. ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్దాం. నేనే చెప్తాను ఆయనకి, తప్పు నాదని. ఆయన కాళ్ళు పట్టుకుంటాను. కేసు పెట్టొద్దని బతిమాలతాను. మీ వేలికి కట్టు కట్టిద్దాం. మళ్ళీ వాయిస్తారు."

"నిజంగా వాయిస్తానా?"

"ఎందుకు వాయించరు? ఆ కార్డు మీ ఎదురుగానే విరిచి పారేస్తాను. ముందు తాళం చెవి ఇవ్వండి."

"ఇదిగో."

"ఇచ్చేశారే!"

"ఎప్పటికైనా నీ మాటే కదా నెగ్గేది. వెళ్ళు. కట్లు విప్పు."

"నాకు తెలుసండీ. నాకు తెలుసు మీరేంటో. అంబులెన్సుకి ఫోను చేసి వెళ్తానుండండి."

"ఫోను ఇలా ఇవ్వు, నేను చేస్తాను. ఈలోగా నువ్వు వాణ్ణి చూడు. ఆలస్యం చెయ్యకు."

"ఇదిగో, తీసుకోండి. ఎడం చేత్తో నొక్కండి, ఆ వేలు కదపకండి. అబ్బ, చూడండి, ఎలా కొడుతున్నారో! వస్తున్నా మాస్టారూ, వస్తున్నా! ఆత్రపడకండి! తాళం తిరగట్లేదేంటి... ఆఁ, వచ్చింది."

"దీపం స్విచ్చి లోపల కుడివైపుంటుంది. లోపలికెళ్ళి వేసుకో."

"సరేనండీ... మాస్టారూ! అయ్యో, మొహం... అమ్మో, ఇంత నెత్తురు! కదలకండి, కొట్టడం ఆపండి, నేనొచ్చేశాను. నోటి టేపు తీస్తున్నాను. మంట పుడుతుంది, ఓర్చుకోండి. ఆఁ, వచ్చేసింది."

"వాడు... వాడెక్కడ?"

"బయటే ఉన్నారు. భయపడకండి మాస్టారూ, కోపం దిగిపోయింది. తాళం చెవి ఆయనే ఇచ్చారు. అంబులెన్సుకి ఆయనే ఫోను చేస్తున్నారు. తలుపు తియ్యమని మీరు తన్నిన ప్రతి తన్నూ నాకు వినపడింది."

"నన్ను కట్టేస్తూ అన్నాడమ్మా వాడు, ఇది నీ వాటా, కార్డిచ్చిన నా పెళ్ళాం వాటా దానికి విడిగా ఉందని. తలుపు తియ్యమని కాదు తల్లీ తన్నింది. గోడ అవతల నీ నవ్వు వినపడింది. నువ్వు పారిపోవాలని తన్నాను."